చిన్న సైజు మిక్స్‌డ్ మీడియా ల్యాండ్‌స్కేపుల సిరీస్: దేని మీద ఏది వేయాలి, ఏ వరసలో?

గడ్డిపరక:

12 చిన్న ల్యాండ్‌స్కేపులతో ఒక సిరీస్ మొదలుపెడుతున్నాను. బొమ్మ సైజు 15 × 15 సెంటీమీటర్లు. అడుగున 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) కోల్డ్ ప్రెస్, అంటే కాస్త గరుకైన, వాటర్‌కలర్ కాగితం. వాడాలనుకుంటున్నవి: పల్చటి యాక్రిలిక్, టిష్యూ కాగితంతో కొలాజ్ (ముక్కలు అంటించే పని), విల్లో చార్‌కోల్, సాఫ్ట్ పాస్టెల్, అక్కడక్కడ ఆయిల్ పాస్టెల్. అన్నిటిలోనూ విషయం ఒకటే: నీటి అంచు, చెట్ల వరస, దూరపు కొండలు, ఆకాశం.

నమూనా ముక్కల మీద మూడు ఇబ్బందులు కనిపిస్తున్నాయి. చార్‌కోల్ గీతల మీద మ్యాట్ మీడియం (మెరుపులేని యాక్రిలిక్ జిగురు) పూయగానే గీత చెదిరి చుట్టూ బూడిదరంగు పాకుతోంది. ఆయిల్ పాస్టెల్ మీద పడిన యాక్రిలిక్ ఆరాక గోటితో గీరితే పొట్టులా లేస్తోంది. కాగితం ఆరేసరికి నాలుగు మూలలూ పైకి లేస్తున్నాయి.

ఏది ముందు, ఏది తర్వాత? కాగితం చదునుగా ఉండాలంటే ఏం చేయాలి? 12 బొమ్మలూ ఒకే చేతి పనిలా కనిపిస్తూనే ఒకదానికొకటి నకళ్లు కాకుండా ఎలా? చివర్లో వార్నిషా, గాజా?

---

నీలికొండ:

మొదటి రెండు ఇబ్బందులకీ కారణం వరసే. మిక్స్‌డ్ మీడియాలో ప్రతి పొరా తన మీదకి ఏది రావచ్చో, ఏది రాకూడదో నిర్ణయించేస్తుంది. అందుకే సిరీస్‌కి కూర్చునే ముందే పొరల వరస ఒక కాగితం మీద రాసుకుని, 12 బొమ్మలకీ దాన్నే పాటించడం మంచిది.

విల్లో చార్‌కోల్‌లో జిగురు ఏమీ ఉండదు, కాలిన పుల్ల మాత్రమే. అది కాగితం మీద ఊరికే కూర్చుని ఉంటుంది కాబట్టి ఏ తడి కుంచె తగిలినా కదులుతుంది. గీత నిలవాలంటే వర్కబుల్ ఫిక్సెటివ్‌ని (పొడి గీతని పట్టి ఉంచే స్ప్రే, దాని మీద మళ్లీ పని చేయొచ్చు) 30 సెంటీమీటర్ల దూరం నుంచి పల్చగా రెండు మూడు సార్లు కొట్టండి. ఒక్కసారికీ ఇంకోసారికీ మధ్య పూర్తిగా ఆరనివ్వాలి. ఒకేసారి తడిసేలా కొడితే ఫిక్సెటివే గీతని కరిగించినట్టు మసక చేస్తుంది. తర్వాత మ్యాట్ మీడియంని మెత్తటి కుంచెతో ఒక్క వాటంలో పూయండి, వెనక్కీ ముందుకీ రుద్దొద్దు. కంప్రెస్డ్ చార్‌కోల్‌లో జిగురు ఉన్నా అదీ చెదురుతుంది, పైగా మరింత నల్లగా పాకుతుంది. పొరల కింద కచ్చితంగా ఉండాల్సిన గీతలకి నల్ల యాక్రిలిక్ ఇంకు, కలం వాడటమే మేలు. ఆరిందంటే ఇక కదలదు.

మొదటి పొర దగ్గర మాత్రం చెదరడాన్నే వాడుకోవచ్చు. ఖాళీ కాగితం మీద చార్‌కోల్‌తో చెట్ల వరస వేసి, నీళ్ల కుంచెతో కిందకి లాగితే నీటిలో నీడ వచ్చేస్తుంది. దాని మీద ఫిక్సెటివ్ కొట్టి ముందుకెళ్లండి.

ఆయిల్ పాస్టెల్ సంగతి వేరు. అందులో రంగుతో పాటు మైనం, ఎప్పటికీ ఆరని నూనె ఉంటాయి. ఏడాది ఆగినా అది గట్టి పొరగా మారదు. ఆ జిడ్డు మీద యాక్రిలిక్‌కి పట్టు దొరకదు. ఆరినట్టు కనిపిస్తుంది కానీ లోపల అంటుకోదు. కాబట్టి ఆయిల్ పాస్టెల్ అన్నిటికన్నా చివరిది, దాని మీద ఇంకేమీ రాకూడదు. క్రేయాన్ లాంటి గీత మధ్య పొరల్లో కావాలంటే నీటిలో కరిగే క్రేయాన్ వాడి, దాన్ని మీడియంతో కప్పండి. ఆ మీడియం తగిలినప్పుడు కొంత కరిగి పాకుతుందని లెక్కలో పెట్టుకోండి. ఆయిల్ బార్ అని వేరే వస్తువు ఉంది, అందులో ఆరే నూనె ఉంటుంది, కొన్ని రోజులకి పైన చర్మం కడుతుంది. అది కూడా యాక్రిలిక్ పైనే రావాలి, కిందకి రాకూడదు.

మీ వస్తువులకి వరస ఇలా ఉండాలి. ఖాళీ కాగితం మీద మొదట చార్‌కోల్ లేదా ఇంకు గీత, వాటర్‌కలర్ వాడితే అదీ ఇక్కడే, ఎందుకంటే దానికి పీల్చుకునే కాగితం కావాలి. తర్వాత పల్చటి యాక్రిలిక్. తర్వాత కొలాజ్. కొలాజ్ మీద మళ్లీ యాక్రిలిక్, ఈసారి కొంత పారదర్శకంగా, కొంత చిక్కగా. పాస్టెల్ రాబోయే చోట్ల క్లియర్ జెస్సో (పారదర్శకమైన గరుకు పూత) పల్చగా ఒకసారి. ఆ పైన సాఫ్ట్ పాస్టెల్, చార్‌కోల్, ఫిక్సెటివ్. చిట్టచివర రెండు మూడు చోట్ల ఆయిల్ పాస్టెల్.

ఈ వరసలో జనం తరచూ వదిలేసేది క్లియర్ జెస్సో. యాక్రిలిక్ మీడియం ఆరాక నున్నగా ఉంటుంది, పాస్టెల్ పొడి దాని మీద నిలబడదు, వేలితో తుడిస్తే పోతుంది. జెస్సోలో ఉండే గరుకు ఆ పొడిని పట్టుకుంటుంది. అది దొరక్కపోతే నాలుగు చెంచాల మ్యాట్ మీడియంలో ఒక చెంచా మెత్తటి ప్యూమిస్ రాతి పొడి, కొద్దిగా నీళ్లు కలిపితే సరిపోతుంది. పేరుకి క్లియర్ అయినా ముదురు రంగుల మీద కాస్త మంచులా కనిపిస్తుంది, అందుకని ముదురు చెట్ల మీద కాకుండా ఆకాశం, కొండలు, నీరు ఉన్న చోటే పూయండి. ఇంకోటి: కుంచె వెంట్రుకల గీతలు జెస్సోలో ఉండిపోతాయి, పాస్టెల్ వేయగానే అవి బయటపడతాయి. నీటి మీద అడ్డంగా, ఆకాశంలో అడ్డదిడ్డంగా పూస్తే ఆ గీతలే బొమ్మకి పనికొస్తాయి.

యాక్రిలిక్‌లో నీళ్ల గురించి. ఖాళీ కాగితం మీద ఎంత పల్చన చేసినా ఫర్వాలేదు, పీచు రంగుని పట్టుకుంటుంది. కొలాజ్ మీదా, ఆరిన యాక్రిలిక్ మీదా మాత్రం ఒట్టి నీళ్లతో పల్చన చేయొద్దు. జిగురు పలచబడి రంగు పొడిలా మిగులుతుంది. అక్కడ సగం మీడియం, సగం నీళ్లు కలిపిన ద్రవంతో పల్చన చేయండి. ఒక రోజు ఆగి తడి తెల్ల గుడ్డతో మెల్లగా రుద్ది చూస్తే తెలిసిపోతుంది. గుడ్డకి రంగు అంటిందంటే జిగురు చాలలేదు.

---

అట్టముక్క:

కాగితం ముడుచుకోవడం గురించి చెప్తాను. పైవైపు యాక్రిలిక్ పొర ఆరుతూ కుదించుకుపోతుంది, వెనకవైపు అలాంటి లాగుడు ఏమీ ఉండదు. అందుకే మూలలు బొమ్మ వైపుకి లేస్తాయి. వెనక కూడా అదే మీడియం ఒక పూత వేస్తే రెండు వైపులా లాగుడు సమానమవుతుంది. కొలాజ్ మొదలుపెట్టే ముందే ఈ పని చేయాలి. 640 జీఎస్‌ఎం కాగితం తీసుకుంటే ఈ గొడవ దాదాపు ఉండదు.

మీ లెక్కకి ఒక సౌకర్యం ఉంది. ఫుల్ షీట్ 56 × 76 సెంటీమీటర్లు. 18.5 సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే అడ్డంగా 3, నిలువుగా 4, అంటే 12 ముక్కలు ఒకే షీట్‌లో వస్తాయి. చుట్టూ 1.75 సెంటీమీటర్ల టేపు పోగా బొమ్మకి సరిగ్గా 15 × 15 మిగులుతుంది. ఒకే షీట్ కాబట్టి పీల్చుకునే గుణం, గరుకు అన్నిటిలో ఒకేలా ఉంటాయి. కోయక ముందే షీట్ వెనక పెన్సిల్‌తో అన్నీ ఒకే దిక్కుకి బాణాలు గీయండి. కాగితం పీచుకి ఒక దిశ ఉంటుంది, తడిసినప్పుడు ఆ దిశని బట్టే వంగుతుంది. కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా వాడితే ఒక్కోటి ఒక్కోలా వంగుతుంది. వరస సరిచూసుకునే ముక్కల కోసం అదే రకం ఇంకో షీట్ దగ్గర ఉంచుకోండి.

నాలుగు వైపులా టేపుతో బోర్డుకి అంటించి, టేపు లోపలి అంచు వెంట మ్యాట్ మీడియం పల్చగా ఒక గీత పూయండి. కాగితం గరుకులో ఉన్న సందులు దానితో మూసుకుపోతాయి, రంగు టేపు కిందకి పాకదు. విప్పేటప్పుడే చాలా బొమ్మలు చెడతాయి. యాక్రిలిక్ పొర టేపు మీదకీ కాగితం మీదకీ కలిపి ఒకే రేకులా ఉంటుంది, ఊరికే లాగితే బొమ్మ అంచు చిరుగుతుంది. ముందు పదునైన బ్లేడుతో అంచు వెంట పై పొరని మాత్రమే తేలిగ్గా గీయండి. టేపుని హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టి, బొమ్మకి దూరంగా, దాని మీదకే మడిచినట్టు పల్చటి కోణంలో లాగండి. కొలాజ్ కాగితం టేపు మీదకి రాకుండా 2 మిల్లీమీటర్లు లోపలే ఆపండి.

ఇప్పటికే వంగిన ముక్కల్ని వెనకవైపు పొగమంచులా నీళ్లు చల్లి, పైన సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్, కింద బ్లాటింగ్ పేపర్ పెట్టి ఒక రాత్రి బరువు కింద ఉంచితే చదునవుతాయి. పాస్టెల్ వేయకముందే ఇది చేయాలి.

---

చెక్కపలక:

కాగితం ఎందుకండీ? 15 సెంటీమీటర్ల బిర్చ్ ప్లై పలకలు గానీ, 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (కలప పీచు నొక్కి చేసిన బోర్డు) ముక్కలు గానీ తీసుకుంటే వంపు గొడవే లేదు. మోడలింగ్ పేస్ట్ (మందంగా పరిచే యాక్రిలిక్ ముద్ద) 2, 3 మిల్లీమీటర్ల మందంగా వేసినా పగలదు. కాగితం మీద అదే పేస్ట్ కాగితం వంగగానే బీటలు వారుతుంది. చెక్కకి ఒక జాగ్రత్త అవసరం: అందులో నీటికి కరిగే గోధుమరంగు పదార్థాలు ఉంటాయి. తడి పొర ఆరుతున్నప్పుడు అవి నీటితో పాటు పైకి వచ్చి లేత రంగుల్ని పసుపు చేస్తాయి. ముందు రెండు పూతలు సీలింగ్ మీడియం, ఆరాక రెండు మూడు పూతలు జెస్సో, మధ్యలో 220 నంబరు గరుకు కాగితంతో నునుపు చేయాలి. అంచులూ వెనకవైపూ కూడా సీల్ చేయాలి, లేకపోతే గాలిలో తేమకి పలక కూడా వంగుతుంది.

పలక మీద అయితే కోల్డ్ వ్యాక్స్ (వేడి చేయకుండా వాడే మైనపు ముద్ద) కూడా వాడొచ్చు. ఆయిల్ రంగులో దాదాపు సగానికి సగం కోల్డ్ వ్యాక్స్ మీడియం కలిపి కత్తితో పరిస్తే నేల, రాయి అద్భుతంగా వస్తాయి. అది పడ్డాక యాక్రిలిక్‌కి మాత్రం చోటు లేదు.

---

నీలికొండ:

చెక్కపలక గారు చెప్పిన సీలింగ్ విషయం వందశాతం నిజం. కానీ గడ్డిపరక గారి పనిలో సాఫ్ట్ పాస్టెల్ ఉంది. దానికి ఎలాగూ గాజు కావాలి. గాజు లేకుండా నేరుగా గోడకి తగిలించగలగడమే పలకకి ఉన్న పెద్ద లాభం, అది ఇక్కడ పోతుంది. పాస్టెల్ ఉంచుకుంటే కాగితం, పేస్టూ మైనమూ కావాలంటే పలక. నా లెక్క ఇది.

---

గడ్డిపరక:

అందరికీ ధన్యవాదాలండి. పాస్టెల్ వదులుకోను, కాబట్టి కాగితమే. కొలాజ్ గురించి ఇంకో మూడు సందేహాలు. టిష్యూ అంటించినప్పుడు ముడతలు తప్పడం లేదు. ముదురు రంగు మీద మ్యాట్ మీడియం మూడు నాలుగు సార్లు పడితే పాలపొరలా తెల్లబడుతోంది. ఎండు గడ్డి, ఇసుక అంటించవచ్చా?

---

జిగురుగిన్నె:

పాలపొర నుంచి మొదలుపెడతాను. మ్యాట్ మీడియంలో మెరుపు తగ్గించడానికి సన్నటి గట్టి రేణువులు కలుపుతారు, అవి వెలుతురుని చెదరగొడతాయి. ఒక పూతకి తెలియదు, నాలుగు పూతలకి నలుపు బూడిదవుతుంది. అంటించడానికి ఎప్పుడూ గ్లాసీ (మెరుపు ఉండే) మీడియం వాడండి, మెరుపు వద్దనుకుంటే ఆఖరి పూత ఒక్కటే మ్యాట్. ఈ ఒక్క మార్పుతో ముదురు చెట్ల లోతు నిలుస్తుంది. మందంగా పూసిన మీడియం తడి పోయే దాకా తెల్లగానే ఉంటుంది కాబట్టి మర్నాడు చూసి నిర్ణయించుకోండి.

టిష్యూ ముడత పడటానికి కారణం అది తడవగానే సాగడం. కింద మీడియం పల్చటి మీగడలా పూసి, టిష్యూని ఒక అంచు నుంచి వాల్చి, పైన మెత్తటి వెడల్పు కుంచెతో మధ్య నుంచి బయటకి ఒక్కసారి పూయాలి. ముక్క పెద్దదైతే కష్టం, 5, 6 సెంటీమీటర్లకి మించకుండా చింపుకోండి. 100 జీఎస్‌ఎం పైన ఉన్న మందపు కాగితాలకి పద్ధతి వేరు: వెనక మీడియం పూసి ఒక నిమిషం వదిలేస్తే ముందే సాగిపోతుంది, అప్పుడు అంటించి, పైన బేకింగ్ పేపర్ పెట్టి రోలర్‌తో నొక్కాలి. బుడగ మిగిలితే ఆరాక బ్లేడుతో చిన్న గాటు పెట్టి, సూది మొనతో మీడియం లోపలికి పంపి నొక్కండి.

సన్న ముడతలన్నీ తప్పులు కావు. అడ్డంగా పడ్డ ముడత నీటి అలకో, దున్నిన చాలుకో సరిపోతుంది. వేసేటప్పుడే టిష్యూని అటు నెట్టి ముడతకి దిశ ఇవ్వొచ్చు. ఆకాశంలో నిలువు ముడత మాత్రం ఉంచకండి, కన్ను అక్కడే ఆగిపోతుంది.

చింపడం మీద శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే ఈ సైజులో చిరిగిన అంచే గీత పని చేస్తుంది. పీచు దిశలో చింపితే దాదాపు తిన్నగా వస్తుంది, అది నేల అంచుకి, అంటే నేలా ఆకాశం కలిసే గీతకి. పీచుకి అడ్డంగా చింపితే పళ్లుపళ్లుగా వస్తుంది, అది కొండలకీ చెట్ల తలలకీ. రంగు వేసిన మందపు కాగితాన్ని మీ వైపుకి లాగి చింపితే ఒక ముక్క అంచున తెల్లటి లోపలి పీచు బయటపడుతుంది, ఎదుటి ముక్కకి ఉండదు. ఆ తెల్ల గీత కొండ మీద పడ్డ ఎండ. కోజో (జపాన్ మల్బరీ నార) లాంటి పొడవు పీచు కాగితాన్ని తడి కుంచెతో గీత గీసి మెల్లగా విడదీస్తే అంచు నూగులా వస్తుంది, దూరపు మంచుకి అంతకన్నా మంచిది లేదు.

రంగు టిష్యూ కొనకండి. ఎక్కువగా వాటిలో డై ఉంటుంది, తడి తగిలితే కారుతుంది, వెలుతురుకి వెలిసిపోతుంది. తెల్ల టిష్యూని ప్లాస్టిక్ షీట్ మీద పరిచి మీ యాక్రిలిక్‌తోనే రంగు వేసి ఆరనివ్వండి. రంగుతో పాటు బలమూ వస్తుంది, అంటించేటప్పుడు చిరగదు. సిరీస్ రంగులతోనే ఒక పది పదిహేను షీట్లు ముందుగా చేసుకుంటే 12 బొమ్మలకీ అవే తిరుగుతాయి. న్యూస్‌ప్రింట్ వద్దు, అందులోని లిగ్నిన్ (కలపలో ఉండే పదార్థం) వల్ల పసుపుపచ్చగా మారి పెళుసవుతుంది, మీడియం పూసినా అది ఆగదు. అచ్చు అక్షరాలో ఫొటో ముక్కలో కావాలంటే యాసిడ్ లేని కాగితం మీద లేజర్ ప్రింట్ తీయండి. టోనర్ కరగదు, మామూలు ఇంక్‌జెట్ సిరా కరుగుతుంది. చదవగలిగేంత అక్షరాలు ఉంచితే చూసేవాళ్లు బొమ్మ వదిలి చదవడం మొదలుపెడతారు, తలకిందులుగా అంటించండి లేదా పైన టిష్యూ కప్పండి.

గడ్డి, ఇసుక. స్కాట్లండ్ చిత్రకారిణి జోన్ ఎర్డ్లీ (1921–1963) క్యాటర్‌లైన్ తీరంలో వేసిన ల్యాండ్‌స్కేపుల్లో నిజమైన గడ్డి, గింజలు రంగులోనే కలిసిపోయి ఉంటాయి. అవి పెద్ద బొమ్మలు. 15 సెంటీమీటర్లలో అసలు గడ్డిపోచ చెట్టు బోదెంత కనిపిస్తుంది, కొలత మొత్తం తప్పిపోతుంది. పైగా లోపల తేమ ఉంటే బూజు, తేమ లేకపోయినా కొన్నాళ్లకి గోధుమరంగే మిగులుతుంది. గడ్డికి రంగు పూసి అచ్చు తీయడం మేలు. ఇంకో దారి: కాగితం వంగినా పగలని తేలిక రకం పేస్ట్‌ని 1 మిల్లీమీటరు మందంలో పరిచి, గడ్డిని నొక్కి తీసేయండి. ఆరాక పల్చటి ముదురు రంగు పూసి తుడిస్తే గుంటల్లో రంగు నిలిచి పోచలు కనిపిస్తాయి. ఇసుకైతే బాగా కడిగి ఆరబెట్టినది మాత్రమే. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, అది గాలిలోని తేమని లాగుతూనే ఉంటుంది.

---

మూడోవంతు:

సిరీస్ ఒకటిగా కనిపించడం గురించి ఎవరూ చెప్పలేదు. కొన్ని విషయాలు బిగించి పెట్టి, ఒకటో రెండో మాత్రం మార్చండి. సైజు, రంగుల పెట్టె, పొరల వరస బిగించినవి. మారేది నేల అంచు ఎత్తో, వెలుతురు వచ్చే దిక్కో, పొద్దో. మూడు నాలుగు విషయాలు ఒకేసారి మారితే అది సిరీస్ అనిపించదు.

రంగులకి ముందే 4 × 4 సెంటీమీటర్ల చిన్న గళ్లు 12 గీసి, ఒక్కో దానిలో తెలుపు, మధ్య బూడిద, నలుపు, మూడే టోన్లతో బొమ్మ పెట్టండి. ఒక్కో గడిలో పెద్ద ఆకారాలు నాలుగైదు మించొద్దు. 12 గళ్లనూ ఒకే కాగితం మీద చూస్తే ఏవి ఒకదానికొకటి నకళ్లో అక్కడే తెలుస్తుంది. తర్వాత పని నడుస్తుండగా కూడా అన్నిటినీ నేల మీద పరిచి ఫోన్‌తో నలుపు తెలుపు ఫొటో తీసి చూస్తుండండి. చిన్న బొమ్మని గోడ మీద మొదట 3 మీటర్ల దూరం నుంచే చూస్తారు, అక్కడికి చేరేది టోన్ ఒక్కటే. కొలాజ్ అంచులూ పాస్టెల్ గరుకూ దగ్గరికి వచ్చాకే కనిపిస్తాయి.

నేల అంచు అన్నిటిలో ఒకే ఎత్తులో ఉంటే, వరసగా తగిలించినప్పుడు గోడ పొడవునా ఒకే గీత పరుగెడుతుంది. అది కావాలనుకుంటే చేయండి, చాలా శక్తివంతంగా ఉంటుంది. 3 × 4 గడిగా తగిలించాలనుకుంటే ఎత్తులు మార్చడమే మంచిది: కొన్నిటిలో కింద మూడోవంతు దగ్గర, కొన్నిటిలో పైన నాలుగోవంతులో, ఒకటి రెండిటిలో దాదాపు అంతా ఆకాశమే. సరిగ్గా మధ్యలో పెట్టడం నీటిలో ప్రతిబింబం ఉన్న బొమ్మకే నప్పుతుంది.

మీ టిష్యూకి ఒక గొప్ప పని ఉంది. దూరపు కొండలు లేతగా, నీలంగా, అంచులు మెత్తగా కనిపించడానికి కారణం మధ్యలో ఉన్న గాలి వెలుతురుని చెదరగొట్టడం. ముదురు కొండ మీద తెల్లటి టిష్యూ అచ్చం అదే చేస్తుంది. మూడు కొండల వరసలనీ ఒకే ముదురు నీలిబూడిదతో వేయండి. అన్నిటికన్నా దూరపు దాని మీద రెండు పొరలు, మధ్య దాని మీద ఒకటి, దగ్గర దాని మీద ఏమీ వద్దు. లేత రంగులు విడివిడిగా కలుపుకోనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: గరుకు పెద్దదిగా, ఎక్కువగా ఉండే చోటు ముందు నేల. దూరపు కొండల మీద పాస్టెల్ గరుకుగా వదిలేస్తే అవి ముందుకి దూకుతాయి, అక్కడ వేలితో అద్ది మెత్తబరచండి.

రంగులు అయిదు చాలు: అల్ట్రామరీన్ (పీబీ 29), ఎల్లో ఓకర్ (పీవై 43), బర్న్‌ట్ సియెన్నా, టైటానియం వైట్ (పీడబ్ల్యూ 6), ఇంకా పొద్దుటి, సాయంత్రపు ఆకాశాలకి క్వినాక్రిడోన్ మజెంటా (పీఆర్ 122). అల్ట్రామరీన్, ఓకర్ కలిస్తే మొద్దు పచ్చ వస్తుంది, ల్యాండ్‌స్కేపుకి అదే నప్పుతుంది. అల్ట్రామరీన్, సియెన్నా కలిస్తే నలుపు అవసరం లేనంత ముదురు. మధ్య బూడిదని మూత ఉన్న డబ్బాలో 12 బొమ్మలకీ సరిపడా ఒకేసారి కలిపి ఉంచుకుంటే అన్నిటినీ కలిపే తీగ అదే అవుతుంది. యాక్రిలిక్ తడిగా ఉన్నప్పటికన్నా ఆరాక ఒక మెట్టు ముదురవుతుంది కాబట్టి ముక్క మీద ఆరబెట్టి చూసి కలపండి. పాస్టెల్స్ కూడా ఈ రంగులకి దగ్గరగా ఉన్న 8, 10 కడ్డీలు ఏరి, మిగతా పెట్టె మూసేయండి.

ట్యూబ్ మీద రంగు కోడ్ చదివి కొనండి. అలిజరిన్ క్రిమ్సన్ (పీఆర్ 83), ఫ్లోరసెంట్ రంగులు, డైతో చేసిన ఇంకులు వెలిసిపోతాయి. లైట్‌ఫాస్ట్‌నెస్ (వెలుతురుకి వెలిసిపోని గుణం) ఏఎస్‌టీఎం కొలమానంలో 1 లేదా 2 ఉన్నవే తీసుకోండి. పాస్టెల్స్‌లో ఒకే పెట్టెలోనే నిలిచేవీ నిలవనివీ కలిసి ఉంటాయి, ముఖ్యంగా గులాబీ, ఊదా. నమూనా గీతలు గీసి, సగం అట్టతో కప్పి, ఎండ పడే కిటికీకి రెండు నెలలు అంటిస్తే తేడా కంటికే తెలుస్తుంది.

పని జరిపే తీరు: రెండు బొమ్మలు మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేసి వరస సరిచూసుకోండి. మిగతా పదింటినీ దశలవారీగా కలిపి నడపండి, అన్నిటికీ మొదటి పొర, తర్వాత అన్నిటికీ కొలాజ్, ఇలా. ఒకటి ఆరేలోపు ఇంకోటి చేతిలో ఉంటుంది. ఎక్కడ ఆపాలో కూడా పక్కనున్న బొమ్మే చెప్తుంది.

ఖాళీ కాగితం ముందు మొదలెట్టడం కష్టంగా ఉంటే మోనోటైప్‌తో, అంటే పలక మీద రంగు వేసి కాగితం మీదకి ఒత్తి తీసే అచ్చుతో, మొదలెట్టండి. ఫ్రెంచి చిత్రకారుడు డెగా మోనోటైప్ అచ్చు తీసి దాని మీద పాస్టెల్ వేసిన ల్యాండ్‌స్కేపులు 1892లో పారిస్‌లోని డ్యురాన్-రుయెల్ గ్యాలరీలో ప్రదర్శించారు. మిక్స్‌డ్ మీడియా ల్యాండ్‌స్కేప్ సిరీస్‌కి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. మీరు జెల్ ప్లేట్ (జెల్లీలా మెత్తటి పలక) మీద యాక్రిలిక్ పరిచి, గుడ్డతో ఆకాశం తుడిచి, అట్టముక్కతో నేల గీరి అచ్చు తీయొచ్చు. ప్లేట్ మీద మిగిలిన రంగుతో రెండో అచ్చు లేతగా వస్తుంది. ఒకే చోటు, రెండు వేర్వేరు పొద్దులు. సిరీస్‌లో ఒక జత దొరికినట్టే.

---

గాజుచట్రం:

ముగింపు గురించి అడిగారు కదా. ఈ సిరీస్‌కి వార్నిష్ వద్దు. కుంచెతో పూస్తే పాస్టెల్ కొట్టుకుపోతుంది, స్ప్రే చేస్తే లేత రంగులు ముదురవుతాయి, వార్నిష్ కింద ఆయిల్ పాస్టెల్ ఎన్నటికీ మెత్తగానే ఉంటుంది. ఫిక్సెటివ్ కూడా లేత రంగుల్ని కొంత ముదురు చేస్తుంది, అందుకే పాస్టెల్ అడుగు పొరలకి మాత్రం ఫిక్సెటివ్ కొట్టి, ఆఖరి వెలుగుల్ని, అంటే మబ్బు అంచు, నీటి మీద మెరుపు, వాటిని ఫిక్సెటివ్ లేకుండా వదిలేయాలి.

గాజు బొమ్మకి తగలకూడదు. మౌంట్ (బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే) అట్ట ఒక్కటీ ఇచ్చే ఖాళీ చాలదు. మౌంట్ కింద కనబడకుండా 3 నుంచి 5 మిల్లీమీటర్ల స్పేసర్ పట్టీలు పెట్టించండి, రాలిన పొడి ఆ సందులోకి పోతుంది, మౌంట్ అంచు మీద కనిపించదు. గాజు బదులు మామూలు ప్లాస్టిక్ షీట్ వేస్తే దాని స్థిర విద్యుత్తు పాస్టెల్ పొడిని పైకి లాగేస్తుంది. బొమ్మని వెనక అట్టకి సెల్లో టేపుతో అంటించకండి. పైన రెండు చోట్ల సన్నటి జపనీస్ కాగితం పట్టీలు, గోధుమ గంజి జిగురు. ఎప్పుడైనా తడిపి విప్పొచ్చు. బొమ్మ చుట్టూ ఉన్న తెల్ల అంచు చూపిస్తూ మౌంట్ వెడల్పుగా, 6, 7 సెంటీమీటర్లు ఇస్తే చిన్న బొమ్మకి ఊపిరి ఆడుతుంది.

ఫ్రేమ్ కట్టే తొందర వద్దు. పల్చటి యాక్రిలిక్‌కి కనీసం 3 రోజులు, పేస్ట్ ఉంటే రెండు వారాలు ఆగాలి. లోపలి తడి పూర్తిగా పోకపోతే గాజు లోపల ఆవిరి పడుతుంది. ఈలోగా ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. ఆరిన యాక్రిలిక్ కూడా వెచ్చదనానికి మెత్తబడి, ఎదుటి దానికి అంటుకుంటుంది. గ్లాసిన్ (నున్నటి పల్చటి) కాగితం కూడా యాక్రిలిక్‌కి అంటుకోవచ్చు, బబుల్ ర్యాప్ గుండ్రటి మచ్చలు వేస్తుంది. పాస్టెల్ పడని ముక్కల మధ్య బేకింగ్ పేపర్ పెట్టండి. పాస్టెల్ పడ్డవాటికి ఒక్కోదానికీ మందపు అట్టతో కిటికీ కోసి, అట్టలు ఒకదానికొకటి ఆనేలా పేర్చండి, బొమ్మకి ఏదీ తగలదు.

10 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉన్న గదిలో యాక్రిలిక్ వేయొద్దు, జిగురు రేణువులు ఒకదానితో ఒకటి కలవక పొర పొడిపొడిగా మిగులుతుంది. పాస్టెల్ పొడిని నోటితో ఊదకండి. బొమ్మ నిలబెట్టి వెనక తట్టండి, రాలింది తడి గుడ్డతో తుడవండి. ఫిక్సెటివ్ ఆరుబయటే కొట్టాలి.

---

గడ్డిపరక:

ఒక్క ప్రశ్న మిగిలింది. ఆయిల్ పాస్టెల్ ఇప్పటికే మధ్య పొరలో ఉన్న ముక్కలు కొన్ని ఉన్నాయి, మిగతా బొమ్మ బాగుంది. వాటిని కాపాడొచ్చా? అలాగే ఆయిల్ పాస్టెల్, సాఫ్ట్ పాస్టెల్ పక్కపక్కన ఉండొచ్చా?

---

నీలికొండ:

పక్కపక్కన ఉండొచ్చు, ఒకదాని మీద ఒకటి వద్దు. ఆయిల్ పాస్టెల్ జిడ్డుకి సాఫ్ట్ పాస్టెల్ పొడి అంటుకుని రెండూ బురదగా మారతాయి. ముందు నేలలో ఒకటి రెండు బలమైన గీతలకి ఆయిల్ పాస్టెల్ అట్టిపెట్టి, అక్కడ సాఫ్ట్ పాస్టెల్ రానివ్వకండి.

పాత ముక్కల సంగతి: పైన పొట్టులా లేస్తున్న యాక్రిలిక్‌ని ముందు గోటితోనో టేపు ముక్కతోనో పూర్తిగా తీసేయండి, సగం పట్టు ఉన్నది ఉంచితే తర్వాత లేస్తుంది. కింద ఉన్న ఆయిల్ పాస్టెల్‌ని పెయింటింగ్ నైఫ్‌తో గీరి, మిగిలింది వాసన లేని మినరల్ స్పిరిట్ అద్దిన దూది పుల్లతో, మాటిమాటికీ పుల్ల మారుస్తూ తుడవండి. ఆరిన యాక్రిలిక్ పొర దానికి చెక్కు చెదరదు. స్పిరిట్ బదులు ఆల్కహాల్ మాత్రం వాడొద్దు, అది యాక్రిలిక్‌ని మెత్తబరిచి లేపేస్తుంది. అడుగున యాక్రిలిక్ లేకుండా ఖాళీ కాగితం మీద నేరుగా వేసిన ఆయిల్ పాస్టెల్ అయితే నూనె పీచులోకి దిగిపోయి ఉంటుంది, అది రాదు, ఆ ముక్కని రంగుల పరీక్షకి వాడుకోండి. తుడిచిన చోట కంటికి కనిపించని మైనం కొంత మిగులుతుంది కాబట్టి అక్కడ మళ్లీ యాక్రిలిక్, కొలాజ్ పెట్టకండి. స్పిరిట్ పూర్తిగా ఆరాక ఆ ఖాళీని ఆయిల్ పాస్టెల్‌తోనే నింపండి.